మడతలో ఉండిపోయిన బొంత

సిరిసిల్ల,
28 ఆగస్టు 2011

శాంతా,

నీ ప్యాకెట్ అందింది. జాకెట్ గుడ్డలు, దారాలు, నువ్వు గీసి పంపిన తీగ బొమ్మ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నువ్వు ఫోన్ చేశావని పక్కింటి సమ్మవ్వ వచ్చి చేతులు తిప్పుతూ చెప్పింది. నీకు ఎన్నిసార్లు చెప్పాలే? ముప్పై ఏళ్లు సాంచాల మధ్య కూర్చుని కండెలు చుట్టిన చెవులివి. ఆ మరమగ్గాల మోత వాటిని ఎప్పుడో తినేసింది. ఫోన్ పెట్టుకుంటే చెవిలో తేనెటీగ తిరుగుతుంది తప్ప నీ గొంతు రాదు. ఏమున్నా రాసి పంపు.

ఇక పనులు. జగిత్యాల పెళ్లికూతురి మెరూన్ జాకెట్‌కు ఒక చేతి మీద తీగ అయిపోయింది, రెండో చేయి మొదలుపెట్టాలి. దిండు గలీబుల జతలో ఒకదానికి కాడ కుట్టు పూర్తయింది. వెల్గటూరు వాళ్ల పెద్ద బొంత నేల మీద పరిచి ఉంది. ఐదు పాత చీరలు పొరలుగా వేశాను, అంచులు నాలుగూ బిగించాను, ఇక చుట్టూ తిరుగుతూ మధ్యకు రావాలి. దాని మీదే కూర్చుంటున్నాను, దాని మీదే తింటున్నాను. వెల్గటూరు వాళ్లకు చెప్పకు.

ఇవి చాలవన్నట్టు మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు తెలంగాణ ధర్నాకు బ్యానర్ కుట్టిమ్మన్నారు. "రంగుతోటి రాస్తే వానకు కారుతది కళావతక్కా, నువ్వు దారంతోటి రాయి" అన్నారు. కాదనలేకపోయాను.

నీ బిడ్డ రచన ఎలా ఉంది? అన్నం తింటోందా? నువ్వు ఒక్క ముక్క కూడా రాయవు.

నీ అక్క
కళావతి

*

కోరుట్ల,
4 సెప్టెంబర్ 2011

అక్కా, దండాలు.

రచన సంగతి రాయనిది మరచిపోయి కాదు. భయపడి. మొదటి కడుపు ఆరో నెలలో పోయింది, రెండోది ఎనిమిదో నెలలో పోయింది. ఈసారి నెలలు కూడా లెక్కపెట్టడం లేదు మేము. అల్లుడు హరీశ్ జగిత్యాల నుంచి తెచ్చి దింపిపోయాడు, నా దగ్గరే ఉంది. వాడకట్టులో ఎవరికీ చెప్పలేదు. వదులు పైట వేసుకుని దుకాణంలో ఒక మూల కూర్చుని గుండీలు కుడుతుంది.

మన ఇంట్లో పద్ధతి నీకు తెలియనిది కాదు. పిల్ల భూమ్మీద పడేదాకా ఒక పాతగుడ్డ కూడా మడత పెట్టకూడదని అమ్మ అనేది. నేను అంతకన్నా గట్టిగా పట్టుకున్నాను. మొన్న హరీశ్ "అత్తమ్మా, దోమతెర కొననా?" అంటే వద్దంటే వద్దన్నాను. ఊయల అన్న మాట కూడా ఇంట్లో వినపడకూడదు.

పని విషయానికి వస్తే, పెళ్లికూతురి తల్లి రోజు మార్చి రోజు ఫోన్ చేస్తోంది. జాకెట్ ముందు ముగించు. బ్యానర్లు కుట్టడానికి సిరిసిల్లలో ఇంకెవరూ లేరా? నీ కళ్లు ఏమైనా కొత్తవా? నీ మరిది కూడా అదే అంటున్నారు.

శాంత

*

సిరిసిల్ల,
16 సెప్టెంబర్ 2011

నా చెల్లికి,

సమ్మె మొదలైంది. బడులు లేవు, ఆఫీసులు లేవు, రేపో మాపో బస్సులు కూడా ఉండవంటున్నారు. బొగ్గు బావులు ఆగితే కరెంటు కూడా ఆగుతుందట, ఇప్పటికే పగలంతా ఉండటం లేదు. మా సందులో సాంచాలు ఆగిపోయిన సంగతి నాకు ఎలా తెలిసిందంటావు? నేల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కదలలేదు. ఇన్నేళ్లలో ఆ నీళ్లు నిశ్చలంగా ఉండగా నేను చూడలేదు. చూస్తే మీ బావ గుర్తొచ్చారు. ఆయన ఉన్నన్నాళ్లు ఆ సాంచాలు ఒక్కపూట ఆగితే బాగుండునని అనేవారు.

బ్యానర్ అయిపోయింది. గొలుసు కుట్టుతో అక్షరాలు, ఒక్కొక్కటి మూర ఎత్తు. నన్ను కూడా ధర్నా టెంటులో కూర్చోబెట్టారు. వాళ్లు నినాదం అంటారు, నాకు వినపడదు, అందరి చేతులు లేచాక నా చెయ్యి లేస్తుంది. "అక్క చెయ్యి ఎనకనుంచి అస్తది గని గట్టిగ అస్తది" అని సమ్మవ్వ అందట. కాగితం మీద రాసి చూపించి నవ్వింది.

జాకెట్ రెండో చేతి మీద మోచేయి దాకా వచ్చాను. గలీబులు రెండూ అయిపోయాయి. పెద్ద బొంత సగం దాటింది. ఇవికాక చేతిలో ఇంకో చిన్న పని ఉంది, అది నీ లెక్కలోకి రాదు. దాని గురించి అడగకు.

రచన పాలు తాగుతోందా? తాగకపోతే నేను అడిగానని చెప్పు.

కళావతి

*

కోరుట్ల,
24 సెప్టెంబర్ 2011

అక్కా,

నువ్వు పదహారున రాసిన ఉత్తరం నిన్న అందింది. పోస్టు సంచి బస్సులో రావాలి, బస్సులు ఎక్కడున్నాయి?

నువ్వు అడగకు అన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆ చిన్న పని ఎవరిది? నా పనులు మూడు అక్కడ పెట్టుకుని, నాకు తెలియకుండా ఇంకొకరి గుడ్డ ఒళ్లో వేసుకున్నావా? ఇక్కడ నేను ఒక్కొక్కరికి అబద్ధాలు చెప్పి పంపుతున్నాను. వెల్గటూరు వాళ్ల కోడలు మొన్న బండి మీద వచ్చి "మీ అక్క బొంత కుడుతున్నదా, నిద్రపోతున్నదా?" అని అడిగిపోయింది. నేనేమో మా అక్క మాటంటే మాటేనని చెప్పుకుంటున్నాను. నువ్వు నాతో దాపరికాలు పెట్టుకుంటున్నావు.

ఎల్లేశం తెలుసు కదా, మా పక్క దుకాణం బట్టల ఆయన. రాస్తారోకోలు లేని పూట చూసుకుని రుద్రంగి మీదుగా మోటారు సైకిల్ మీద సిరిసిల్లకు వస్తాడు. అన్నీ మూటకట్టి సిద్ధంగా ఉంచు. ఆయన ఆగడు.

రచన పాలు తాగుతోంది. కాళ్లు కొంచెం వాచాయి. నాకు నిద్ర లేదు.

శాంత

*

సిరిసిల్ల,
30 సెప్టెంబర్ 2011

శాంతా, ఈ ఉత్తరం ముందు చదువు, తర్వాత మూట విప్పు.

ఎల్లేశం పొద్దున వచ్చాడు. గడప కూడా ఎక్కలేదు, బండి దిగకుండానే చెయ్యి ఊపాడు. వేములవాడ దగ్గర మళ్లీ రోడ్డు మూస్తారట. జాకెట్, గలీబులు ఒక సంచిలో వేశాను. పెద్ద బొంత రాత్రే ముగిసింది, మడతలు పెట్టి ఉంది, అలాగే చుట్టి తాడు కట్టి ఇచ్చాను. ఆయన వెళ్లిపోయాక నా చిన్న పని కోసం వెతికాను. అల్మారాలో లేదు, మంచం కింద లేదు. అప్పుడు గుర్తొచ్చింది. టెంటు వాళ్లు వచ్చిపోతూ ఉంటారని, వాళ్ల కంట పడకూడదని, పది రోజులుగా దాన్ని పెద్ద బొంత మడతలోనే దాస్తున్నాను.

పెద్ద బొంత నువ్వొక్కదానివే విప్పు. రచన ముందు విప్పకు. అందులో ఏముందో చూశాక నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కానీ నేను చెప్పేది కూడా విను.

సమ్మవ్వతో ఫోన్ చేయిద్దామనుకున్నాను. కరెంటు లేక దాని ఫోన్ చచ్చిపోయి ఉంది. ఇంకెవరినైనా అడగాలంటే ఆ మాట వాళ్లకు చెప్పాలి. నువ్వు ఇన్నాళ్లు దాచింది నేను వీధిలో పెట్టలేను. అందుకే రాస్తున్నాను. ఎల్లేశం కన్నా ముందు ఈ కాగితం నీకు చేరుతుందని నాకు నమ్మకం లేదు. అయినా రాస్తున్నాను.

అక్క

*

కోరుట్ల,
2 అక్టోబర్ 2011

కళావతక్కా,

నీ చిన్న పని ఏమిటో తెలిసింది.

నిన్న ఎల్లేశం మూట తెచ్చేసరికి వెల్గటూరు కోడలు దుకాణంలోనే ఉంది. ఆమె ముందే తాడు విప్పి బొంత దులిపాను. చిన్న బొంత జారి రచన కాళ్ల దగ్గర పడింది. మూరన్నర ఉంటుంది. అమ్మ ఆకుపచ్చ చీర నేను గుర్తుపట్టనా? నాలుగు మూలలా నాలుగు చిన్న చిలకలు.

ఆమె ఊరుకుంటుందా? "గిదెవలికి? మీ ఇంట్ల పసిపిల్లలెవలు లేరు గదా?" అంది. తర్వాత రచన కడుపు వైపు చూసింది. "ఎన్నో నెల బిడ్డా? మాకు చెప్పనే లేదు" అంది. ఇన్ని నెలలు నేను పళ్లు బిగించి దాచింది ఒక్క క్షణంలో బజారున పడింది. రచన ఆ బొంత తీసుకుని లోపలికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి చేతిలోంచి లాక్కున్నాను. ఈ పొద్దున నడుము నొప్పి అంటోంది.

పుట్టకముందు కుట్టకూడదని నీకు తెలుసు. నేను పోయిన నెల నాలుగో తారీకున రాసి మరీ పంపాను. అయినా కుట్టావు. ఇంకెవరు కుట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఒక్క పిల్ల పుట్టని చెయ్యి, బొట్టు పోయిన చెయ్యి, ఆ చెయ్యే కావాల్సి వచ్చిందా నా బిడ్డ కడుపులో ఉన్నదానికి?

బొంత ఎల్లేశంతో వెనక్కి పంపుతున్నాను. నా ఇంట్లో ఉండకూడదు. ఇక నుంచి పనులు కూడా పంపను.

శాంత

*

జగిత్యాల,
11 అక్టోబర్ 2011

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు.

ఎనిమిదో తారీకు పొద్దున రచన కాన్పు అయింది. ఆడపిల్ల. ఎనిమిది నెలలు పూర్తిగా నిండలేదు. కేజీ ఆరు వందలు ఉంది. బతికి ఉంది అక్కా. బస్సులు లేవు, హరీశ్ వాళ్ల బడిపంతుళ్ల సమ్మె టెంటులో ఉన్న వాళ్లలో ఒకాయన తన జీపు తెచ్చి కోరుట్ల నుంచి ఇక్కడికి చేర్చాడు. రోడ్డు మీద రాళ్లు పెట్టిన చోటల్లా వాళ్లే దిగి తీసి, మళ్లీ పెట్టారు.

పిల్లను గాజు పెట్టెలో ఉంచారు. కరెంటు పోతే కాసేపటికి జనరేటర్ వేస్తారు. ఆలోగా తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన కప్పమన్నారు. నిన్న అలా పడుకోబెట్టినప్పుడు నేను నా పైట చెంగు కప్పబోయాను. రచన నా చెయ్యి పట్టుకుని "పెద్దమ్మ కుట్టిన బొంత ఏది?" అంది. వెనక్కి పంపించానన్నాను. అది మంచిది కాదని అన్నాను. అప్పుడు అది అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఇంట్ల అందరు గిది బతకదన్నట్టే ఉన్నరమ్మా. దోమతెర వద్దన్నవ్, ఊయల మాట వద్దన్నవ్. నువ్వు నా మొకం చూసినప్పుడల్లా, మల్ల పోతదేమో అన్నట్టు చూసినవ్. గా బొంత నా కాళ్లకాడ పడ్డనాడు నాకు భయం కాలే. పెద్దమ్మ ఒక్కతే గిది అస్తదనుకున్నది, అచ్చినంక కప్పుకోవాలె గదా అనుకున్నది. నువ్వు గది గుంజుకున్నవ్."

నా బిడ్డను కాపాడుకుంటున్నానని అనుకుంటూ ఇన్ని నెలలు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టానా? నీ ముప్పయ్యో తారీకు ఉత్తరం, నేను తిట్టి రాసిన మూడు రోజులకు వచ్చింది. చదివి కూడా నేను నీకు రాయలేదు, పంతం.

అక్కా, ఆ చిన్న బొంత పంపు. ఎవరు ఎటు వస్తుంటే వాళ్లతో పంపు.

శాంత

*

సిరిసిల్ల,
14 అక్టోబర్ 2011

శాంతకు,

పిల్ల బతికి ఉందన్న మాట నాలుగుసార్లు చదివాను. ఐదోసారి సమ్మవ్వతో చదివించి ఆమె పెదాలు చూశాను.

బొంత లేదు. ఎల్లేశం తెచ్చి ఇచ్చిన రోజే విప్పేశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, ఒక్కొక్క కుట్టు సూదితో లేపి దారం లాగాను. కుట్టడానికి ఇరవై రోజులు పట్టింది, విప్పడానికి ఒక్క పగలు. నాకు చెవులు వినపడవని అందరూ జాలిపడతారు. ఆ రోజు కళ్లు కూడా కనపడకపోతే బాగుండేది అనుకున్నాను. నోటితో అన్న మాటైతే నాకు చేరేది కాదు. రాసి పంపమని నేనే అన్నాను కదా, రాసి పంపావు.

ఎందుకు కుట్టానో చెబుతాను. మొదటిసారి పద్ధతి ప్రకారం ఏమీ కుట్టలేదు. రెండోసారీ కుట్టలేదు. ఆ రెండోదాన్ని హాస్పిటల్ తువ్వాలులో చుట్టి తీసుకెళ్లడం నేను చూశాను. నువ్వు రచన దగ్గర ఉన్నావు, నువ్వు చూడలేదు. మన ఇంటి గుడ్డ ఒక్కటి కూడా లేకుండా పోయింది ఆ పిల్ల. మూడోది ఉన్నా పోయినా మన అమ్మ చీర మీద వేసుకుని ఉండాలనుకున్నాను. ఇది మంచి ఆలోచనో చెడ్డదో నాకు తెలియదు. అడిగితే నువ్వు వద్దంటావని అడగలేదు, అది మాత్రం నా తప్పు. రచన కాళ్ల దగ్గర పడేలా చేసింది కూడా నా తప్పే.

గుడ్డలు పంపుతున్నాను. సమ్మవ్వ అల్లుడు జగిత్యాల వస్తున్నాడు. పైన అమ్మ ఆకుపచ్చ చీర, కింద తెల్లది, మధ్యలో రెండు పొరలు మెత్తటి ధోవతి. అది మన నాన్నది. ఇదే వరసలో పెట్టు. చిలకల్ని విప్పలేదు, అవి పై గుడ్డ మీద అలాగే ఉన్నాయి. అంచులు ముందు బిగించి, బయటి నుంచి లోపలికి రా. మధ్య నుంచి మొదలుపెడితే గుడ్డ ఉబ్బుతుంది.

నేను మళ్లీ కుట్టి పంపమని అడుగుతావేమో. కుట్టను శాంతా. నా చెయ్యి గురించి నువ్వు రాసింది చదివాక ఈ చెయ్యి ఆ గుడ్డ మీదకు పోవడం లేదు. నువ్వే కుట్టు.

కళావతి

*

కోరుట్ల,
29 అక్టోబర్ 2011

అక్కా, నీ పాదాలకు దండం. ఈసారి మాట వరసకు కాదు.

సమ్మె ముగిసింది, బస్సులు నడుస్తున్నాయి. హరీశ్ బడికి పోతున్నాడు. తెలంగాణ రాలేదు కదా, ఎందుకు ముగించారని అడిగితే "అస్తది అత్తమ్మా, జెర ఓపిక పట్టాలె" అన్నాడు. పిల్ల కేజీ తొమ్మిది వందలైంది. ఇరవై రెండున ఇంటికి తెచ్చాం.

నీ గుడ్డలు హాస్పిటల్లోనే అందాయి. వరండాలో గచ్చు మీద పరిచి కూర్చున్నాను. పాతికేళ్లుగా మిషను తొక్కుతున్నదాన్ని, చేత్తో ఇంత కుట్టి ఎన్నాళ్లయిందో. సూది ఎక్కడ గుచ్చాలో తెలియక వెలుతురుకు పట్టి చూస్తే నీ సూది చేసిన రంధ్రాలు వరసగా కనపడ్డాయి. వాటిలోంచే నా సూది పోనిచ్చాను. కొన్ని చోట్ల గుడ్డ నలిగి అవి పూడుకుపోయాయి. అక్కడ నా వరస వంకరపోయింది. విప్పి మళ్లీ కుట్టబోతే రచన వద్దంది. "ఉండనీ, నీది నీకు తెలువాలె గదా" అంది. అది ఇంకా నాతో పూర్తిగా మాట్లాడటం లేదు. పిల్లకు కావాల్సినవి మాత్రం అడుగుతుంది.

ఐదు రోజుల్లో బొంత అయింది. కరెంటు పోయినప్పుడల్లా అదే కప్పాం.

అక్కా, నేను రాసిన ఆ మాట వెనక్కి తీసుకోలేను, తీసుకున్నానంటే నువ్వు నమ్మవు. భయంలో రాశాననీ అనను. ఆ మాట నాలో ఎప్పటి నుంచో ఉంది. రచన పెళ్లిలో నువ్వు వెనక గదిలో కూర్చుని పూలు గుచ్చుతుంటే, ముందుకు రమ్మని నేను పిలవలేదు. అది నువ్వు మరచిపోయావనుకున్నాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

నవంబర్ ఆరు, ఆదివారం నాడు పిల్లను ఊయల తొట్టెలలో వేస్తున్నాం. నలుగురినీ పిలిచాం. అందరి ముందు నీ చేతితోనే తొట్టెలలో పడుకోబెట్టాలి. నీ మరిది కూడా అదే అన్నారు. ఎవరైనా ఏమైనా అంటే నేను చూసుకుంటాను. శనివారమే బస్సు ఎక్కు.

శాంత

*

సిరిసిల్ల,
2 నవంబర్ 2011

చెల్లే,

సాంచాలు మళ్లీ నడుస్తున్నాయి, గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. బ్యానర్‌ను టెంటు వాళ్లు ఉతికి మడతపెట్టి నా దగ్గరే ఉంచారు, మళ్లీ అవసరం పడుతుందట. జాకెట్ పెళ్లికి సరిపోయిందని తెలిసింది. పనులుంటే పంపు. చెయ్యి ఖాళీగా ఉంటే నాకు పిచ్చెక్కుతుంది.

రచన పెళ్లి సంగతి మరచిపోలేదు. నువ్వు గుర్తుపెట్టుకున్నావని మాత్రం అనుకోలేదు.

తొట్టెలకు రాను. కోపంతో కాదు. ఆ రోజు నలుగురి మధ్య నేను పిల్లను ఎత్తుకుంటే నువ్వు పిల్లను చూడవు, నా చెయ్యిని చూస్తావు. పిల్ల తుమ్మితే నీ గుండె ఆగుతుంది. నువ్వు ఏమీ అనవు, నవ్వుతూనే ఉంటావు. అనకపోయినా నాకు వినపడుతుంది. ఆ తర్వాత పిల్లకు ఏ జ్వరం వచ్చినా నువ్వు ఆదివారాన్నే తలచుకుంటావు. నిన్ను ఆ బాధలో పెట్టలేను, నేనూ పడలేను. తొట్టెలలో వేయడం రచన అత్తతో చేయించు, ఆమెకు అది హక్కు.

సోమవారం వస్తాను. పదకొండు గంటల బస్సుకు. చుట్టాలందరూ వెళ్లిపోయి ఉంటారు, గిన్నెలు తోముకుంటూ ఉంటారు మీరు. నా కోసం చాప వేయకు, కొత్త చీర పెట్టకు, ఏడవకు. మామూలుగా ఉండు. నీకు పనిలో పిల్ల అడ్డం వస్తుంటుంది కదా, చేతులు తడిగా ఉంటాయి కదా, అలాంటప్పుడు పక్కన ఎవరున్నారో చూడకుండా పిల్లను ఇచ్చేస్తాం చూడు, అలా తెచ్చి నా ఒళ్లో పడెయ్యి. నేను అడగను. చేతులు చాపను. నువ్వు ఆలోచించకుండా ఇవ్వాలి.

ఆ రోజు ఇవ్వలేకపోతే కూడా ఏమీ అనుకోను. టీ తాగి మూడు గంటల బస్సుకు వెళ్లిపోతాను. మళ్లీ సోమవారం వస్తాను.

నీ అక్క
కళావతి